క్రూజ్ షిప్పు దిగే రోజు హడావుడి పడకుండా ఉండాలంటే? (పెద్దవాళ్ళు, చిన్నపిల్లలతో సింగపూర్ ట్రిప్)

ప్రశ్న – అమలాపురం నుంచి

అందరికీ నమస్కారమండి. దసరా సెలవులకి సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్ బుక్ చేసుకున్నాం. పినాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్‌లోనే దింపుతారు. నేను, మావారు, ఎనిమిదేళ్ళ పాప, రెండేళ్ళ బాబు, మా అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, షుగరు, రోజూ ఇన్సులిన్. ఎక్కడం గురించి ఏజెంటు అన్నీ చెప్పాడు గానీ దిగడం గురించి అడిగితే "ఏముందండీ, దిగి వచ్చేయడమే" అంటున్నాడు. షిప్పు ఉదయం ఏడింటికి వస్తుందట, పదకొండున్నరకి చెన్నై ఫ్లైట్ చూశాడు. టికెట్ ఇంకా తీయలేదు. టైము సరిపోతుందా? ఇంకేం చూసుకోవాలి?

జవాబు – పాలకొల్లు నుంచి

ముందు ఆ టికెట్ తీయకండమ్మా. ఏడింటికి రావడం అంటే షిప్పు రేవులో ఆగే టైము, మనం బయటపడే టైము కాదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఒడ్డుకి తగలగానే బండి స్టార్ట్ చేసి ఎక్కించేసినట్టు ఉండదు. అక్కడి అధికారులు క్లియరెన్స్ ఇచ్చాకే తలుపులు తీస్తారు, తర్వాత ట్యాగు నంబర్ల వారీగా పిలుస్తారు, కిందకి దిగాక సామాను వెతుక్కోవాలి, ఇమిగ్రేషన్ లైను. వేల మంది ఒకే పొద్దున దిగుతారు కాబట్టి తొమ్మిదిన్నర, పది అయిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మెరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి చాంగి ఎయిర్‌పోర్టుకి టాక్సీలో అరగంటే, కానీ ఇంటర్నేషనల్ ఫ్లైటుకి కౌంటరు గంట ముందే మూసేస్తారు. పెద్దావిడతో, రెండేళ్ళ పిల్లాడితో ఆ పరుగు వద్దు. మధ్యాహ్నం మూడు దాటాక ఉన్న ఫ్లైట్ చూడండి, సాయంత్రమైతే ఇంకా నయం. సింగపూర్ నుంచి విశాఖకి స్కూట్ విమానం నేరుగా వస్తుంది, చెన్నై చుట్టూ తిరిగే బదులు అదీ ఒకసారి చూసుకోండి. మధ్యలో ఖాళీ దొరికితే చాంగిలోనే సామాను దాచే కౌంటర్లు ఉన్నాయి, అక్కడ పెట్టేసి పిల్లలకి పక్కనే ఉన్న జ్యుయెల్ మాల్‌లో జలపాతం చూపించండి.

ఇక అసలు సంగతి. దిగే రోజు సాఫీగా సాగాలంటే పని అంతా ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. ఆఖరి రాత్రి క్యాబిన్‌కి నంబరు ట్యాగులు ఇస్తారు. పెద్ద సూట్‌కేసులకి అవి కట్టి రాత్రి వాళ్ళు చెప్పిన టైములోపు, మామూలుగా పది, పదకొండు లోపు, తలుపు బయట పెడితే వాళ్ళే దింపి కింద హాల్లో నంబరు ప్రకారం వరసగా పెడతారు. మన సామాను మనమే మోసుకుని ముందే దిగిపోయే పద్ధతి కూడా ఉంది, కుర్రాళ్ళకి అది బాగుంటుంది, మీకు వద్దు. మీ ముగ్గురు పెద్దవాళ్ళలో ఒకరు బాబుని ఎత్తుకోవాలి, ఒకరు అత్తగారి చెయ్యి పట్టుకోవాలి, ఇక పెట్టెలు ఎవరు లాగుతారు?

పెట్టెలు బయట పెట్టే ముందు అందరూ మర్చిపోయేది మర్నాడు కట్టుకునే బట్టలు, చెప్పులు. సర్దుడు ఊపులో అన్నీ లోపలికి వెళ్ళిపోతాయి, పొద్దున్నే నైటీతో నిలబడాల్సి వస్తుంది. అందుకని మంచం మీద ఐదుగురి బట్టలు ఐదు చోట్ల పరిచి, కింద చెప్పులు పెట్టి, అప్పుడు పెట్టె మూయండి. పాస్‌పోర్టులు, మందులు, ఛార్జర్లు, బాబు డైపర్లు, నగలు చేతి సంచిలో. ఇన్సులిన్ క్యాబిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది కదా, అది పొద్దున కంగారులో మర్చిపోయే మొదటి వస్తువు. తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి "ఇన్సులిన్, లాకరు" అని పెద్దక్షరాలతో రాయండి. లాకరు ఖాళీ చేశాక తలుపు తెరిచే ఉంచండి, చూడగానే తెలుస్తుంది.

హాల్లో నల్ల సూట్‌కేసులన్నీ ఒకేలా ఉంటాయి. పాత చీర అంచు ముక్క, పసుపో ఎరుపో, పిడికి రెండు ముళ్ళు వేసి కట్టండి, పాప కూడా దూరం నుంచే గుర్తుపడుతుంది.

జవాబు – భీమవరం నుంచి

పైన చెప్పినవి కరెక్టు. కాగితాల సంగతి నేను చెప్తాను. సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. క్రూజ్ ఎక్కితే దేశం దాటినట్టే, తిరిగి వచ్చినప్పుడు అది రెండో ఎంట్రీ. అలాగే ఆన్‌లైన్‌లో నింపే సింగపూర్ ఎరైవల్ కార్డు విమానంలో వెళ్ళేటప్పుడు ఒకసారి నింపితే సరిపోదు, షిప్పు మీద తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ నింపాలి. వచ్చే రోజుతో కలిపి మూడు రోజుల లోపే తీసుకుంటుంది కాబట్టి మీరు సముద్రంలో ఉండగానో రేవులో ఆగినప్పుడో నింపుకోవాలి. ఆ మూడు రోజుల్లో ఏ రేవులో దిగినా నెట్ దొరుకుతుంది, అక్కడే ఐదుగురివీ పూర్తి చేసేయండి. అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్లు నమ్మొద్దు.

ఇంకో మాట. సముద్రంలో ఫోను ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. షిప్పులో సిగ్నల్ శాటిలైట్ ద్వారా వస్తుంది, మామూలు రోమింగ్ ప్యాక్‌లు దానికి పనిచేయవు, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఫుకెట్ టైము సింగపూర్ కంటే గంట వెనక. ఫోను దానంతటదే మారిపోతుంది, కానీ తిరిగి ఎక్కాల్సిన టైము షిప్పు గడియారం ప్రకారమే. చేతికి ఒక వాచీ పెట్టుకుని దాన్ని మార్చకండి.

బిల్లు కూడా ఆఖరి రాత్రే టీవీలోనో యాప్‌లోనో చూడండి. టిప్పులు మనిషికి రోజుకి ఇంత అని వాళ్ళే కలుపుతారు, చాలా కంపెనీల్లో పిల్లలకీ పడుతుంది. తీయని ఫోటోకి, తాగని కూల్ డ్రింక్‌కి డబ్బు వేసి ఉంటే రాత్రే కౌంటర్‌లో చెప్పండి, పొద్దున అక్కడ నిలబడే చోటుండదు. లెక్కంతా డాలర్లలో ఉంటుంది. డెబిట్ కార్డు ఇస్తే డబ్బు బ్లాక్ చేసి రోజుల తర్వాత వదులుతారు, క్రెడిట్ కార్డు ఇవ్వండి, బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయండి.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్సండి, ఫ్లైట్ సాయంత్రానిది చూడమన్నాను. అత్తగారు పచ్చళ్ళు, పూతరేకులు పట్టుకెళ్దాం అంటున్నారు, ఒప్పుకుంటారా? బాబుకి షిప్పులో ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు – కాకినాడ నుంచి

అక్కా, ఇంట్లో వండినవి షిప్పులోకి రానివ్వరు. కొట్లో సీలు వేసిన ప్యాకెట్లు సాధారణంగా పర్వాలేదు, మీ కంపెనీ రూలు ఒకసారి చూసుకోండి. ఆవకాయ ప్యాకెట్, పూతరేకుల డబ్బా సీలు తీయకుండా పెట్టండి. చికెన్ పచ్చడి మాత్రం వద్దు, మన దేశం నుంచి మాంసం సింగపూర్‌లోకి తేనివ్వరు. చూయింగ్ గమ్ కూడా అంతే. దిగేటప్పుడు బఫేలోంచి పండు పిల్లల సంచిలో వేయకండి. ఎలక్ట్రిక్ కుక్కరు, కెటిల్, ఇస్త్రీ పెట్టె అస్సలు తీసుకెళ్ళకండి, తీసేసుకుంటారు. మీవారు షిప్పు షాపులో మందు బాటిల్ కొనేట్టయితే ముందే చెప్పండి, మలేషియా నుంచి వచ్చేవాళ్ళకి సింగపూర్‌లో మందుకి డ్యూటీ ఫ్రీ లేదు, మీ షిప్పు ఆఖరి రేవు ఏదో చూసుకోండి.

బాబుకి ఇంకా డైపరు ఉంటే పెద్ద పూల్‌లోకి దింపనివ్వరు, ఈత డైపరు వేసినా సరే. పిల్లల క్లబ్బులో కూడా మామూలుగా మూడేళ్ళు నిండి డైపరు మానిన వాళ్ళనే తీసుకుంటారు. అంటే పాపని పంపొచ్చు, బాబు మీ దగ్గరే. ఇది ముందే తెలిస్తే అక్కడికి వెళ్ళాక పేచీ ఉండదు. క్యాబిన్ ఇంకా ఎంచుకోకపోతే కింది డెక్కులో మధ్యది తీసుకోండి, ఊపు తక్కువ తెలుస్తుంది. వాంతుల మందు డాక్టర్ని అడిగి బాబు బరువుకి తగ్గట్టు రాయించుకోండి.

ఎక్కిన రోజు భద్రతా డ్రిల్ ఉంటుంది, దాన్ని విసుక్కోకుండా అందరూ చేయండి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ మునిగాకనే ఓడ కదలకముందే డ్రిల్ చేయాలని గట్టిగా పట్టుబట్టారు. 2019లో కచ్చులూరు దగ్గర మన గోదాట్లో టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో మనకి వేరే చెప్పాలా. పిల్లలకి వాళ్ళ స్టేషన్ (ప్రమాదం వస్తే చేరాల్సిన చోటు) నంబరు రాసిన పట్టీ ఇస్తే చేతి నుంచి తీయనివ్వకండి.

జవాబు – పాలకొల్లు నుంచి

అత్తగారి గురించి ఒకటి మిగిలిపోయింది. ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలాసార్లు సముద్రంలోనే లంగరు వేసి చిన్న బోట్లలో ఒడ్డుకి తీసుకెళ్తాయి. అలల మీద ఊగే బోటులోకి అడుగు వేయాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. ఆ రోజు ఆవిడ షిప్పులోనే ఉంటే మంచిది, ఇద్దరిలో ఒకరు తోడుండండి. దిగే రోజుకి వీల్‌చైర్ కావాలని ఇప్పుడే ఏజెంటుతో మెయిల్ పెట్టించండి, ఎక్కాక గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో మళ్ళీ చెప్పి, ఏ టైముకి ఎక్కడ కూర్చోవాలో కాగితం మీద రాయించుకోండి. ఆ పొద్దున లిఫ్టులు నిండిపోయి వస్తాయి, అందుకని త్వరగా టిఫిన్ చేయించి, ఆవిడ మాత్రలు అయ్యాక, మీ గ్రూపు పిలుపు వచ్చేదాకా వాళ్ళు చెప్పిన చోటే కూర్చోబెట్టండి. వీల్‌చైర్ వాళ్ళతో పాటు ఇంట్లోవాళ్ళందర్నీ పంపుతారో లేదో కూడా అప్పుడే అడగండి, పంపకపోతే మీవారు పాపతో వెనక వస్తారు, పాస్‌పోర్టులు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గర ఉండేలా రాత్రే పంచుకోండి.