‘లైలా’ పాట చివర ఆ పియానో ఎందుకు?

ప్రశ్న: డెరెక్ అండ్ ది డామినోస్ అనే రాక్ బ్యాండ్ పాట ‘లైలా’ (1970)లో మొదటి మూడు నిమిషాలు గోల, తర్వాత ప్రశాంతంగా పియానో. పాటలో బతిమాలుకున్న అమ్మాయి చివరికి దక్కిందని అర్థమా?

జవాబు 1: కాదండి. ఈ పాట పాడిన ఆ బ్యాండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ప్రేమించిన ప్యాటీ బాయిడ్ అప్పటికి ఆయన స్నేహితుడు, బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ భార్య. పేరు పర్షియన్ కవి నిజామీ రాసిన లైలా మజ్ను కథలోది. మనకు భానుమతి, అక్కినేని సినిమాగా తెలిసిన కథే. అందులోనూ లైలాకి వేరే పెళ్లవుతుంది. 1979లో క్లాప్టన్‌కీ ప్యాటీకీ పెళ్లయిందని పాటని వెనక్కి చదవకండి, పొరపాటంతా అక్కడే.

జవాబు 2: స్వరాలు కూడా వినండి. చరణం సి షార్ప్ మైనర్ స్కేల్‌లో, పల్లవి డి మైనర్‌లో ఉంటాయి. అరమెట్టే పైకి, కానీ గొంతు చిరిగిపోయేలా అరవాల్సొస్తుంది. బతిమాలడం అక్కడే వినిపిస్తుంది. పియానో భాగం సి మేజర్. తర్వాత విడిగా రికార్డు చేసి అతికించారు. నాకైతే అది అలసిపోయి ఒప్పుకోవడంలా ఉంటుంది. ఆఖర్న డ్యుయేన్ ఆల్‌మన్ స్లైడ్ గిటార్ పిట్ట కూతలా సన్నగా తేలిపోతుంది, హెడ్‌ఫోన్స్‌లో వినండి.

ప్రశ్న అడిగినవారు: మరి 1992లో క్లాప్టన్ అకూస్టిక్ గిటార్‌తో పాడిన ‘అన్‌ప్లగ్డ్’ కచేరీలో?

జవాబు 2: అందులో ఆ ముక్కే లేదండి. వేగం తగ్గింది, అరుపూ లేదు. అక్కడది పాత గాయాన్ని తలుచుకునే పాట.