చర్చ: అడవిపందుల కోసం గట్టు వెంట తీగ, తుపాకీ: పక్క రైతు సమ్మతి తప్పనిసరి కావాలా?

మెట్టచేను (చర్చ ప్రారంభం)

మాది అడవి అంచు గ్రామం. వేరుశనగ ఊడ దిగినప్పటి నుంచి పీకే రోజు దాకా, మొక్కజొన్న కంకి పాలు పట్టినప్పటి నుంచి విరిచే దాకా, పందుల మంద ఏ రాత్రి చేలో పడుతుందో తెలియదు. మంద తిన్నదానికన్నా మూతితో తవ్వి పారేసినది, తొక్కి పడగొట్టినది ఎక్కువ కాబట్టి ఒక్క రాత్రిలో అర ఎకరం పోయిందంటే మా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. ఈ బాధ నాకూ ఉన్నదని ముందే చెప్పి అసలు విషయానికి వస్తాను.

మా పక్క చేను రైతు ఈ సీజనులో గట్టు వెంట మోకాలి ఎత్తున బైండింగు తీగ లాగి, రాత్రిపూట స్టార్టరు డబ్బా నుంచి నేరుగా కరెంటు ఇస్తున్నాడు. అడిగితే, "నీకు ముందే చెప్పాను గదన్నా, చీకటి పడ్డాక ఇటు రావద్దు" అన్నాడు. చెప్పిన మాట నిజమే. కానీ నా బోరు ఆ గట్టు పక్కనే ఉంది, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి నేను వెళ్లే దారి కూడా అదే.

నా వాదన ఇది. పందిని చంపడానికి గట్టుకు దగ్గరగా ఏ ఏర్పాటు చేసినా, అది అన్ని అనుమతులూ ఉన్న తుపాకీ అయినా సరే, పక్క రైతు ముందస్తు సమ్మతి తప్పనిసరి చేయాలి. చెప్పడం చాలదు, ఒప్పించాలి. చతురస్రంగా ఉన్న ఎకరం పొలం ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు ఉంటుంది. సరిగ్గా నడిమధ్యన నిలబడినా ఏదో ఒక గట్టు 32 మీటర్ల దూరంలోనే ఉంటుంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో అంతకన్నా కొంచెం తక్కువ. అంటే మన పొలాల్లో గట్టుకు దూరంగా ఉండే చోటంటూ లేదు, నా చేలో నేను ఏం చేసినా అది పక్కవాడి చేను అంచున చేసినట్టే.

నల్లరేగడి

మెట్టచేను గారి లెక్క సరైనదే, కానీ దాని నుంచి ఆయన తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను. నాకు తూర్పున ఉన్న మూడెకరాలు బీడు. యజమాని నగరంలో ఉంటారు, ఏళ్ల తరబడి దుక్కి లేదు, సర్కారు తుమ్మ మనిషి ఎత్తు దాటి పెరిగింది. పగలంతా మంద పడుకునేది ఆ తుమ్మ పొదల్లోనే, రాత్రి తినేది నా మొక్కజొన్న. పడమటి పక్కాయన పత్తి వేస్తారు, పత్తి జోలికి పందులు పెద్దగా పోవు కాబట్టి ఆయనకు ఇది తన సమస్యగా తోచదు. వీరిద్దరిలో ఎవరు కాదన్నా నేను పంట రక్షించుకోకూడదంటే, నష్టమేమీ లేనివారి చేతిలో నష్టపోయేవాడి పంటను పెట్టినట్టవుతుంది.

కరెంటు తీగను నేను సమర్థించడం లేదు. నేను అడుగుతున్నది చట్టం ప్రకారం అనుమతి తెచ్చుకుని, లైసెన్సు ఉన్న వ్యక్తి చేత కాల్పించే విషయం. అధికారి అనుమతి ఇచ్చాక, పక్కవారి అనుమతి మళ్లీ ఎందుకు?

వాయిదాకాగితం

నేను జిల్లా కోర్టులో వకీలును, ఇటువంటి కేసులు రెండు వైపుల నుంచీ చూశాను. ముందుగా చట్టం ఎక్కడ నిలబడి ఉన్నదో చెప్పడం అవసరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో వేట అంటే కాల్చడం ఒక్కటే కాదు; ఉచ్చు వేయడం, వల పన్నడం, విషం పెట్టడం, చంపడానికి ప్రయత్నించడం కూడా వేటే. అడవిపంది మొదట మూడో షెడ్యూలులో (చట్టంలోని రక్షిత జంతువుల జాబితాల్లో ఒకటి) ఉండేది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అది రెండో షెడ్యూలులోకి మారింది, సాధారణ నేరానికి జరిమానా పరిమితి కూడా లక్ష రూపాయలకు పెరిగింది, మూడేళ్ల దాకా జైలు సరేసరి. గట్టు తీగకు పంది బదులు చిరుతో పులో తగిలిందంటే అది ఒకటో షెడ్యూలు కేసు, శిక్ష అంతకు చాలా ఎక్కువ.

రైతుకు దారి లేదని కాదు. చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, మనుషుల ప్రాణాలకు గానీ నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారిన జంతువును, లేదా నిర్దిష్ట ప్రాంతంలోని జంతువుల గుంపును, వేటాడటానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. కేరళ ప్రభుత్వం 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా దించింది, అయితే విషం, పేలుడు పదార్థాలు, కరెంటు వాడకూడదన్న షరతుతో. చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది, మాంసం పంచుకునే హక్కు ఎవరికీ లేదు. (మన ఊళ్లలో సగం గొడవలు బయటపడేది ఈ మాంసం పంపకం దగ్గరే.)

ఇప్పుడు నల్లరేగడి గారి ప్రశ్నకు వస్తాను. అధికారి ఇచ్చే ఉత్తర్వు పందిని చంపినందుకు కేసు రాకుండా కాపాడుతుంది, అంతవరకే. పక్కవాడి పొలంలో అడుగుపెట్టే హక్కును అది ఇవ్వదు. ఇది కాగితం మీద చిన్న తేడాలా కనిపించినా పొలంలో పెద్దది, ఎందుకంటే గుండు తగిలిన పంది తగిలిన చోటే పడిపోవడం అరుదు. అది గట్టు దాటి పక్క చేలో, చెరకు తోటలోనో తుమ్మ పొదలోనో దూరుతుంది. గాయపడిన మగపంది ఎంత ప్రమాదకరమో మీకు చెప్పనక్కరలేదు. తెల్లవారి కలుపు తీయడానికి ఆ చేలోకి వెళ్లే ఆడవాళ్లకు రాత్రి కాల్పులు జరిగాయన్న సంగతే తెలియదు. రాత్రికి రాత్రే వెతికి పూర్తిగా చంపాలంటే కాల్చినవాడు ఆ చేలోకి వెళ్లాలి, వెళ్లాలంటే సమ్మతి ఉండాలి. సమ్మతి కోసం అప్పుడు అర్ధరాత్రి ఫోను చేసే బదులు ముందే తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఫేజున్యూట్రల్

విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. తీగ గురించి మాట్లాడకుండా తుపాకీ గురించి మాత్రమే చర్చించడం నాకు సరిగా తోచలేదు, ఎందుకంటే గ్రామాల్లో నిజంగా జరుగుతున్నది తీగ.

చాలామంది రైతుల నమ్మకం ఏమిటంటే, మనిషి తగిలితే ఫ్యూజు కొట్టేస్తుంది, ప్రాణం పోదు అని. ఇది పూర్తిగా తప్పు. మోటరుకు వేసే ఫ్యూజు పది, పదిహేను ఆంపియర్లు దాటితే గానీ కాలదు, గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు చాలు. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడినవాడి ఒంటి గుండా వెళ్లే కరెంటు ప్రాణం తీయడానికి సరిపోతుంది, ఫ్యూజును కాల్చడానికి సరిపోదు. కాబట్టి మనిషి పడిపోయాక కూడా తీగలో కరెంటు అలాగే ఉంటుంది, అతన్ని లేపబోయిన రెండోవాడు కూడా పడిపోతాడు. తండ్రీకొడుకులు, భార్యాభర్తలు ఒకే చోట పోయిన వార్తల వెనుక ఉన్నది ఇదే.

ఇంకొక మాట. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా వచ్చాక రాత్రంతా లైను నిండుగా ఉంటున్నది. దాని మేలు నేను కాదనను. కానీ సరఫరా వేళలను బట్టి ఇప్పుడు తీగలో కరెంటు ఉండదులే అని పక్కవాడు అంచనా వేసుకునే వీలు ఇప్పుడు లేదు. మెట్టచేను గారి పక్క రైతు ఇచ్చిన మాట, ఆయన తెల్లవారుజామున నిద్ర లేచి స్టార్టరు ఆపడం గుర్తుంచుకున్నంత కాలమే నిలుస్తుంది. అందువల్ల ఇటువంటి తీగకు సమ్మతి ఇచ్చే హక్కు పక్క రైతుకు కూడా ఉండకూడదు. ఇది ఇద్దరి మధ్య ఒప్పందంతో తేలే విషయం కాదు: 2003 విద్యుత్ చట్టం కింద దొంగతనం కేసు, ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ల దాకా శిక్ష, పోలీసులు అంతకన్నా తీవ్రమైన సెక్షన్ పెట్టడానికీ అవకాశం ఉంది.

సోలార్ కంచె వేరు. బ్యాటరీ మీద నడిచే పరికరం సెకనుకు ఒకటి చొప్పున, సెకనులో అతి చిన్న భాగం సేపు మాత్రమే షాకు ఇస్తుంది. జంతువు బెదిరి వెనక్కి తగ్గుతుంది గానీ చావదు. కింది తీగ పంది మూతికి తగిలేంత తక్కువ ఎత్తున ఉండాలి, గడ్డి తగలకుండా ఎప్పటికప్పుడు కోస్తూ ఉండాలి. ఆ గడ్డి కోయడమే ఎవరూ చేయరు, తరువాత కంచె పనిచేయలేదంటారు.

డాలస్‌రైతుబిడ్డ

నేను టెక్సాస్‌లో ఉంటున్నాను, ఇక్కడ పది, ఇరవై ఎకరాల భూములు కొన్న తెలుగువారు చాలామందికి ఈ గట్టు తగాదా కొత్త కాదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడి పందులు పెంపుడు పందుల సంతతి, వన్యప్రాణి రక్షణ వాటికి లేదు. ప్రైవేటు భూమిలో యజమాని సమ్మతి ఉంటే 2019 నుంచి వాటి వేటకు లైసెన్సు కూడా అక్కరలేదు. చంపడంలో ఇంత స్వేచ్ఛ ఉన్న ఈ రాష్ట్రంలోనే, వేటాడుతూ కాల్చిన గుండు పొలం హద్దు దాటడం నేరం. హద్దుకు రెండు వైపులా భూమి మీదే అయినా, అవతలి యజమానితో రాతపూర్వక ఒప్పందం ఉన్నా మాత్రమే మినహాయింపు. గాయపడిన జంతువు పక్క భూమిలో పడితే, దాన్ని తెచ్చుకోవడానికి కూడా ఆ యజమాని అనుమతి కావాలి. వందల ఎకరాల రాంచ్‌లు (పశువుల పెంపక క్షేత్రాలు) ఉన్న చోట ఈ జాగ్రత్త అవసరమైనప్పుడు, ఎకరం చెక్కల్లో అక్కరలేదనడం నాకు అర్థం కాలేదు.

నల్లరేగడి

అక్కడ అవతలి యజమాని కంచె మీద బోర్డు పెట్టుకుని ఫోను నంబరు రాసి ఉంటారు. నా పక్క బీడు యజమాని ఫోను ఎత్తరు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చెప్పినట్టు మొక్కజొన్న చుట్టూ దట్టంగా ఆముదం సాళ్లు వేశాను, వేరుశనగ చుట్టూ కుసుమ వేసినవారు కూడా మా ఊళ్లో ఉన్నారు. కొంత ఆగింది, కాదనను. కానీ నా దగ్గర ఆగిన మంద నాకు దక్షిణాన ఉన్న చిన్న రైతు చేలో పడింది, ఆయన నన్ను తిట్టాడు. ఆముదం వేయడానికి కూడా ఆయన సమ్మతి తీసుకోవాలా?

ఇక తుపాకీ. ఆయుధ చట్టం పంట రక్షణ కోసం లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది, కానీ మా మండలంలో అటువంటి లైసెన్సు ఉన్నవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ తుపాకులు ఠాణాకు చేరతాయి. అటవీ అధికారి కాగితం, కాల్చేవాడి వీలు, పక్కవారి సంతకం, ఈ మూడూ ఒకే రాత్రికి కుదరాలంటే పంట మిగలదు.

మెట్టచేను

నల్లరేగడి గారి ఆముదం ప్రశ్న న్యాయమైనదే. పందిని మళ్లించే ఏర్పాటు పక్కవాడి పంటకు నష్టం తేవచ్చు, చంపే ఏర్పాటు పక్కవాడి ప్రాణానికే ముప్పు తేవచ్చు. మొదటిదానికి సమ్మతి అడగడం అతి అవుతుంది, కలిసి కంచె వేసుకోమని చెప్పడం వరకే సబబు. నాలుగు కమతాలకు కలిపి ఒకే సోలార్ కంచె వేస్తే లోపలి గట్ల వెంట తీగే అవసరం లేదు, ఖర్చు కూడా తలకు తక్కువ పడుతుంది. నేను పట్టుబడుతున్నది రెండో దాని గురించే.

జవాబే ఇవ్వని బీడు యజమాని సంగతి వేరుగా చూడవచ్చు. పంచాయతీ ద్వారా నోటీసు ఇచ్చి, వారం గడిచినా పలకకపోతే సమ్మతి ఉన్నట్టే భావించాలని ఉత్తర్వులోనే రాయించుకోవచ్చు. పొలంలోకి వచ్చే మనుషులున్న పక్క రైతుకు మాత్రం ఏ రాత్రి, ఏ దిక్కుగా కాలుస్తారో, గాయపడిన పందిని వెతకడానికి ఎవరు వస్తారో ముందే తెలియాలి, అతను ఆ రాత్రి వద్దంటే ఆగాలి.

రెండుకార్లకౌలు

సమ్మతి ఎవరిదో ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు. పాసుపుస్తకం ఉన్నాయన పట్నంలో ఉంటారు, చేలో రాత్రి నీళ్లు పెట్టేది నేను. నా పేరు ఏ రికార్డులోనూ లేదు. మీరు చెప్పిన నోటీసు ఆయనకు వెళుతుంది, ఆయన వాట్సాప్‌లో సరే అంటారు, గుండు వచ్చే దిక్కున నేను ఉంటాను. బీడు యజమాని పలకకపోతే సమ్మతి ఉన్నట్టే అన్న మీ నియమం, యజమాని దూరాన ఉండి కౌలుకు ఇచ్చిన ప్రతి చేనుకూ వర్తించే ప్రమాదం ఉంది.

వాయిదాకాగితం

కౌలుదారు గారి అభ్యంతరం చట్టపరంగా కూడా బలమైనది. అతిక్రమణ నేరాన్ని నిర్వచించేటప్పుడు చట్టం ఆ స్థలం ఎవరి స్వాధీనంలో ఉన్నదని చూస్తుంది, పట్టా ఎవరిదని కాదు. కాబట్టి పక్క చేను సమ్మతి అన్నప్పుడు సాగులో ఉన్నవారి సంతకమే తీసుకోవాలి, యజమానికి తెలియజేస్తే చాలు. మౌనాన్ని సమ్మతిగా తీసుకునే వెసులుబాటు నిజంగా సాగులో లేని భూమికే ఉండాలి, అది సాగులో లేదని వ్యవసాయ విస్తరణ అధికారి పంట నమోదు చూసి రాసి ఇవ్వాలి. నోటి మాట మీద కౌలు నడిచే ఊళ్లలో ఆ నమోదు యజమాని పేరు మీదే ఉంటుందన్నది మాత్రం నా దగ్గర కూడా జవాబు లేని చిక్కు.