రాతిలో మిగిలిన చమురుని బయటికి తెప్పించడానికి బావిలోకి పంపే కార్బన్ డయాక్సైడ్‌ని, గాల్లోకి పోకుండా భూమిలో దాచిన ‘నిల్వ’ అనొచ్చా?

రాతిపొర: అనకూడదు. బావిలోకి ఎంత పంపారో కొలిచే ఇంజెక్షన్ మీటర్ చూపేదంతా కొత్త వాయువు కాదు. చమురుతో పైకొచ్చినదాన్ని విడదీసి, తేమ తీసి, కంప్రెసర్‌తో మళ్లీ కిందికే పంపుతారు. ఒకే టన్ను నాలుగుసార్లు తిరిగితే మీటర్‌లో నాలుగు టన్నులు పడతాయి.

బావిగట్టు: మీటర్‌నే పట్టుకుని వేలాడకండి. బయట నుంచి తెచ్చినదాంట్లోంచి లీకులు, వెంట్ చేసింది (కావాలని గాల్లోకి వదిలింది) తీసేస్తే మిగిలేదే నిల్వ. ప్రతి చుట్టులోనూ కొంత రాతి రంధ్రాల్లో చిక్కుకుంటుంది, కొంత మిగిలిన చమురులో, నీటిలో కరుగుతుంది. రిజర్వాయర్ (చమురున్న రాతిపొర) పీడనం కనీస మిశ్రమ పీడనానికి, అంటే వాయువు చమురుతో పూర్తిగా కలిసిపోవడానికి కావలసిన పీడనానికి, పైనే ఉండాలి, అంతే. వాయువులో నైట్రోజన్, మీథేన్ ఉంటే ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. హద్దు దాటినా, పారగమ్యత ఎక్కువున్న (వాయువు తేలిగ్గా పారే) పొర దొరికితే వాయువు నేరుగా ఉత్పత్తి బావికి దూసుకుపోతుంది. అందుకే కొన్నాళ్లు నీరు, కొన్నాళ్లు వాయువు పంపేది.

కవాటం: అలా మార్చి మార్చి పంపితే వాయువు నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమై మామూలు స్టీల్‌ని తినేస్తుంది. ట్యూబింగ్‌కి (వాయువు దిగే లోపలి గొట్టానికి) లోపూత, లైనింగ్ తప్పదు. ప్యాకర్ (రెండు గొట్టాల మధ్య సందుని మూసే బిరడా) పైన, ట్యూబింగ్‌కీ కేసింగ్‌కీ (బావి గోడకున్న బయటి గొట్టానికీ) మధ్య పీడనం పెరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

రాతిపొర: తుప్పు గురించి అడిగానా? ఒక పీపా చమురు కాలిస్తే 0.43 టన్ను వాయువు గాల్లోకి పోతుంది. అది ఏ పద్దులో రాస్తారు?

బావిగట్టు: అదీ సంగతి! మీ కోపం చమురు మీద, నిల్వ మీద కాదు.

రాతిపొర: చమురు మీదే, దాచను. వాయువుకి డబ్బు కట్టేవాడు పీపాకి ఎంత తక్కువ వాడదామా అని చూస్తాడు. నిల్వకి ఎంత ఎక్కువైతే అంత మేలు. ఒకే బావికి రెండు లక్ష్యాలూ ఎలా పొసగుతాయి? పైగా అమెరికాలోని పెద్ద చమురు ప్రాంతం పెర్మియన్ బేసిన్‌కి చాలా వాయువు కొలరాడోలోని మెక్‌ఎల్మో డోమ్ లాంటి సహజ నిక్షేపాల నుంచే వస్తుంది. భూమిలో ఉన్నదాన్ని తవ్వి తెచ్చి ఇంకోచోట పూడ్చడం నిల్వా?

బావిగట్టు: కాదు, అది ఒప్పుకుంటాను. కానీ కెనడాలోని వేబర్న్ చమురు క్షేత్రం చూడండి. 2000 నుంచి అమెరికాలోని నార్త్ డకోటాలో బొగ్గుని గ్యాస్‌గా మార్చే ప్లాంటు వాయువు సుమారు 320 కి.మీ. పైపులో వచ్చింది. లేకుంటే అది ఆకాశంలోకే.

కవాటం: ఇద్దరూ పాత బావుల్ని వదిలేశారు. సరిగా ప్లగ్ చేయని (సిమెంటుతో మూసేయని) ఒక్క బావి చాలు, పైనున్న గట్టి పొర ఎంత మందమున్నా లాభం లేదు.

రాతిపొర: చమురు అయిపోయాక పీడనం దించి, ఆ వాయువుని తోడి ఇంకో క్షేత్రానికి తీసుకెళ్తే?

బావిగట్టు: అప్పుడు నిల్వ కాదు. తోడకూడదని ముందే షరతు రాయించాలి.

రాతిపొర: ఆ షరతు రాయకముందే నిల్వ అని లెక్క కట్టొద్దనే మొదటినుంచీ అంటున్నాను.