అప్‌డేట్: మోచేతి నొప్పి, ఐదు నెలల తర్వాత

కుడి మోచేతి బయటివైపు మొదలైన నొప్పి మణికట్టు దాకా పాకుతోంది, జబ్బు ముదిరినట్టేనా, ఇంజెక్షన్ వేయించుకోవాలా అని ఐదు నెలల క్రితం అడిగాను. రోజంతా కత్తెర పట్టే దర్జీ పని నాది. ఈ నొప్పిని 'టెన్నిస్ ఎల్బో' అంటారు గానీ, నేను టెన్నిస్ ఎన్నడూ ఆడలేదు. ఓపికగా సమాధానాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మణికట్టును పైకెత్తే కండరాలు మోచేతి ఎముకకు అతుక్కునే చోట స్నాయువు దెబ్బతిని, మానడం ఆలస్యమైనప్పుడు నొప్పి ముంజేతి వెంట కిందికి దిగడం మామూలేననీ, అదొక్కటే జబ్బు ముదిరిందనడానికి గుర్తు కాదనీ ఫిజియోథెరపిస్టు వివరించారు. వేళ్లలో తిమ్మిరి ఉంటే మాత్రం నరాన్ని పరీక్షించాలన్నారు. నాకు అది లేదు.

తీవ్రతను నేను పనులతోనే కొలుచుకున్నాను. మొదట్లో నిండు టీ గ్లాసు ఎత్తలేకపోయేదాన్ని, తడి బట్ట పిండితే ప్రాణం పోయినట్టుండేది. అరకిలో బరువు పట్టుకుని మణికట్టును నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం రోజూ చేస్తున్నాను. మరునాటికి నొప్పి మామూలు స్థాయికి వస్తే ఆ బరువు సరిపోయినట్టు, రాకపోతే తగ్గించాలి. ఈ లెక్క తెలిశాకే నా భయం పోయింది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి వారాల్లో ఉపశమనమిచ్చినా, ఏడాది గడిచేసరికి నొప్పి తిరగబెట్టే అవకాశం ఎక్కువని తెలిసి మానుకున్నాను. పూర్తిగా తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టవచ్చట. ప్రస్తుతం మధ్యమధ్య ఆగుతూ రెండు గంటలు కత్తిరించగలుగుతున్నాను, గ్లాసు ఎత్తగలుగుతున్నాను. తడి దుప్పటి మాత్రం ఇంకా మా అమ్మాయే పిండుతోంది.