ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల నియామకంలో మెరిట్ ఏ దశలో దెబ్బతింది?

2025 జనవరిలో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయం దగ్గర విమానం, ఆర్మీ హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయినప్పటి నుంచి మా స్నేహితుల మధ్య ఒకటే వాదన. వైవిధ్యం పేరుతో అర్హత లేనివాళ్లను, విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్లుగా తీసుకున్నారని ఒకరంటారు, దానికీ దీనికీ సంబంధమే లేదని ఇంకొకరు.

నాకు తెలిసినంతవరకు, 2014లో ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అభ్యర్థుల వడపోతకు ఒక బయోగ్రాఫికల్ ప్రశ్నావళి పెట్టింది. హైస్కూల్లో ఏ సబ్జెక్టులో అన్నిటికన్నా తక్కువ మార్కులొచ్చాయి, ఇలాంటి ప్రశ్నలు! కంట్రోలర్ కోర్సు పూర్తిచేసినవాళ్లు కూడా అక్కడే ఆగిపోయారు. అది అన్యాయమనే నేనంటాను. 2016లో అమెరికన్ కాంగ్రెస్ వాళ్లకు ఆ అడ్డు తీసేసింది.

కానీ ప్రశ్నావళి దాటినవాళ్లు కూడా ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ శిక్షణ అకాడమీలో పాసవ్వాలి, ఆ తర్వాత పనిచేసే చోట సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి కదా. ఈ దశల్లో ఎప్పుడైనా, ఎవరికోసమైనా ప్రమాణాలు సడలించారా? లేక మంచి అభ్యర్థులు గేటు దగ్గరే వెనక్కిపోయి, సిబ్బంది కొరత పెరగడమే అసలు నష్టమా? రెండూ వేరువేరు ఆరోపణలు, మావాళ్లు మాత్రం కలిపేసి మాట్లాడుతున్నారు.

కంట్రోలర్ శిక్షణ గురించి దగ్గరగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.