తొమ్మిది మంది ఎక్కితే బోటు లేవడం లేదు: ప్రొపెల్లర్ పిచ్ తగ్గించాలా, నాలుగు రెక్కలది వేయాలా?

డాలస్ బోటు:

మాది 2006 నాటి 21 అడుగుల బోరైడర్, అంటే ముక్కు వైపు కూడా సీట్లున్న బోటు. 4.3 లీటర్ల వీ6 మెర్‌క్రూయిజర్ ఇంజన్, ఆల్ఫా వన్ డ్రైవ్ (ఇంజన్ శక్తిని ప్రొపెల్లర్‌కు అందించే వెనక భాగం), గేర్ నిష్పత్తి 1.81. మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్, 19 పిచ్. ఇద్దరం వెళితే ఏ ఇబ్బందీ లేదు. ఫుల్ థ్రాటిల్‌లో 4,350 ఆర్‌పీఎం, జీపీఎస్‌లో గంటకు 38 మైళ్ళు వస్తాయి.

కానీ మా ఇంట్లో బోటు అంటే ఇద్దరం వెళ్ళడం ఎక్కడ ఉంటుంది? అమ్మానాన్న, తమ్ముడి కుటుంబం, పిల్లలు కలిపి తొమ్మిది మంది. పైగా ఐస్ పెట్టె, పులిహోర డబ్బాలు, పిల్లల ట్యూబు. బోటుకు కొట్టిన కెపాసిటీ ప్లేటు మీద పది మందికి అనుమతి ఉంది కాబట్టి లెక్క దాటలేదు.

మొన్న ఆదివారం లూయిస్‌విల్ లేక్‌లో థ్రాటిల్ పూర్తిగా తోశాను. ముక్కు పైకి లేచింది, వెనుక నీళ్ళు గోడలా నిలబడ్డాయి, ఆర్‌పీఎం సూది 2,900 దగ్గరే వణుకుతూ ఆగింది. బోటు నీళ్ళను తోసుకుంటూ పోవడం మాని నీళ్ళ మీద జారడానికి, అంటే ప్లేన్ అవడానికి, 16 సెకన్లు పట్టింది. అంతసేపూ నాకు ముక్కు, ఆకాశం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఎదురుగా జెట్ స్కీ మీద ఎవరి పిల్లాడైనా ఉంటే? ఆ టెన్షన్‌తో మళ్ళీ అందరినీ ఎక్కించుకోవాలంటే మనసు రావడం లేదు.

ఒక షాపులో 17 పిచ్ వేసుకోమన్నారు, ఇంకో చోట 19 పిచ్‌లోనే నాలుగు రెక్కలది కొనమన్నారు. ఏది సరైనది?

పాత మెకానిక్ (హ్యూస్టన్):

సమాధానం మీ పోస్టులోనే ఉంది. ఆ ఇంజన్‌కు ఫుల్ థ్రాటిల్‌లో తయారీదారు చెప్పిన పరిధి 4,400 నుంచి 4,800. ఇద్దరితోనే మీరు 4,350 దగ్గర ఆగిపోతున్నారు, అంటే ఖాళీ బోటుకే ఆ ప్రొపెల్లర్ బరువు. తొమ్మిది మందితో ప్లేన్ అయ్యాక ఎంత వస్తుందో ఈసారి చూడండి. 3,900 దాటకపోవచ్చు. టాప్ గేర్‌లో ఘాట్ ఎక్కించినట్టే, ఇంజన్ ముక్కుతుంది. అలా ఏళ్ళ తరబడి నడిపితే లోపల పిస్టన్లకు దెబ్బ.

పిచ్ అంటే ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ లెక్క ప్రకారం ముందుకు పోవాల్సిన దూరం, అంగుళాల్లో. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. 17కి దిగితే మీకు 350 దాకా కలిసొస్తుంది. 19 పిచ్‌లోనే నాలుగో రెక్క కలిపితే ఆర్‌పీఎం ఇంకా పడిపోతుంది. ఆ సలహా ఇచ్చినాయన మీ ఆర్‌పీఎం అడగలేదనుకుంటా.

లేనియర్ తెలుగు (అట్లాంటా):

మెకానిక్ గారూ, 19 పిచ్‌లో నాలుగు రెక్కలది వద్దన్నది నిజమే. కానీ 17 పిచ్‌లో నాలుగు రెక్కలది ఎందుకు కాకూడదు? ఆర్‌పీఎం ఒక్కటే చూస్తే సరిపోదండీ. బరువు ఉన్నప్పుడు అసలు చిక్కు పట్టు. డ్రైవ్ నీళ్ళలో గట్టిగా తోస్తుంటే పైనుంచి గాలి లాక్కుని మూడు రెక్కలది ఒక్కసారిగా జారిపోతుంది. ఇంజన్ గొంతు చించుకుంటుంది, బోటు కదలదు. రెక్కల వైశాల్యం ఎక్కువైతే ఆ జారుడు తగ్గుతుంది, వెనుక భాగానికి కాస్త ఎత్తు వస్తుంది. నాకు బాగా నచ్చింది ఇంకోటి: ట్యూబు లాగేటప్పుడు గంటకు 17, 18 మైళ్ళ దగ్గర కూడా బోటు కిందికి కూలబడదు. పిల్లల్ని లాగేది ఆ వేగంలోనే కదా.

టాప్ స్పీడులో ఒకటి రెండు మైళ్ళు పోతాయి. పోనివ్వండి.

పాత మెకానిక్:

ముందు 17 మూడు రెక్కలది పెట్టి చూడమనండి. అల్యూమినియంది స్టీలు దానికంటే చాలా చవక. పైగా అడుగున రాయి తగిలితే రెక్క వంగుతుంది గానీ దెబ్బ లోపలి షాఫ్టుకూ గేర్లకూ అంత తేలిగ్గా పోదు. స్టీలు రెక్క పలచగా, బిగువుగా ఉంటుంది, బరువులో వంగదు, పట్టు బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ టెక్సాస్ లేకుల్లో వేసవిలో నీటిమట్టం తగ్గితే మొద్దులు పైకి తేలతాయి. ఆ మొద్దుల దెబ్బకు డ్రైవ్‌లే విరిగిన బోట్లు నా దగ్గరికి వచ్చాయి.

తాహో యాత్రికుడు (బే ఏరియా):

సముద్రమట్టం నుంచి ఎత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు. డాలస్‌లో అది సమస్య కాదు గానీ, చదివేవాళ్ళలో కొండల వైపు వెళ్ళేవాళ్ళు ఉంటారు. తాహో లేక్ 6,200 అడుగుల పైన ఉంది. ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి పోతుంది. కింద హాయిగా లేచిన మా బోటు అక్కడ ఆరుగురితో లేవనంది. రెండు అంగుళాలు తక్కువ పిచ్ వేశాకే దారికొచ్చింది.

కాటా లెక్క:

నేను ఇద్దరితోనూ ఏకీభవించను. ప్రొపెల్లర్ కొనే ముందు బోటును కాటా వేయించండి అన్నా. ట్రైలర్‌తో సహా ట్రక్ స్టాపులో తూకం అయిదు నిమిషాల పని. ఇరవై ఏళ్ళ బోట్లలో నేల కింద ఉండే ఫోమ్ నీళ్ళు తాగి వందల కిలోలు బరువెక్కడం మామూలే. అది కనిపెట్టకుండా ఎన్ని రెక్కలు మార్చినా లాభం లేదు. అలాగే తొమ్మిది మందిలో అయిదుగురు వెనక సోఫాలో కూర్చుంటే ముక్కు లేవక ఏం చేస్తుంది? పెద్దవాళ్ళు ఇద్దర్ని ముందుకు పంపండి, డ్రైవ్ ట్రిమ్ (డ్రైవ్ వాలు) పూర్తిగా కిందికి దించి బయల్దేరండి. లేచాక మళ్ళీ ట్రిమ్ పైకి తీయండి.

డాలస్ బోటు:

అందరికీ థాంక్స్. మూడు వారాలు పట్టింది, చెప్పినవన్నీ చేశాను.

కాటా వేయించాం, బరువులో తేడా లేదు, ఫోమ్ పొడిగానే ఉంది. నాన్ననీ తమ్ముడినీ ముందుకు కూర్చోబెడితే 19 పిచ్‌తోనే 16 సెకన్లు 12 అయ్యాయి. పైసా ఖర్చు లేకుండా! కానీ ఫుల్ థ్రాటిల్‌లో 3,900 దగ్గరే ఆగింది, మెకానిక్ గారు చెప్పినట్టే.

తర్వాత 17 మూడు రెక్కలది. అదే తొమ్మిది మంది, అవే సీట్లు. 9 సెకన్లు, 4,280 ఆర్‌పీఎం. ఇద్దరితో 4,700, గంటకు 37 మైళ్ళు. మలుపు గట్టిగా తిప్పితే మాత్రం లేనియర్ గారు అన్న జారుడు వచ్చింది. వేగం గంటకు 19 మైళ్ళకు తగ్గగానే బోటు కూలబడింది.

ఆఖరున స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన 17 నాలుగు రెక్కల అల్యూమినియంది. 7 సెకన్లు, 4,220. ఇద్దరితో 4,620, గంటకు 36. మలుపులో జారలేదు, వేగం 16 మైళ్ళకు తగ్గేదాకా కూలబడలేదు. ముక్కు లేచింది గానీ ఎదురుగా నీళ్ళు దాదాపు అంతసేపూ కనపడుతూనే ఉన్నాయి. నాకు కావలసింది అదే. ఖాళీ బోటుకు కాదు, మా ఇంటిల్లిపాదికి సరిపోయే ప్రొపెల్లర్ ఉండాలి. ఇలాంటిదే కొంటున్నాను.

పాత మెకానిక్:

బరువుతో 4,220 అంటే ఇంకా పరిధి కిందే ఉన్నారు. ఎప్పుడూ తొమ్మిది మందే అయితే 15కి కూడా దిగవచ్చు, కాకపోతే ఇద్దరితో వెళ్ళిన రోజు 4,800 దాటకుండా థ్రాటిల్ మీద చెయ్యి అదుపులో పెట్టుకోవాలి. నేనైతే 17 దగ్గరే ఆగుతాను. నాలుగో రెక్క విషయంలో లేనియర్ గారి మాటే నెగ్గింది, మలుపు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. మూడు రెక్కలది అమ్మకండి, బోటులో స్పేర్‌గా ఉంచండి.

ఒక్క మాట. ప్రొపెల్లర్ విప్పిన ప్రతిసారీ దాని ముందు షాఫ్టు మీద ఉండే థ్రస్ట్ వాషర్ వెనక చూశారా? చేపలు పట్టే దారం అక్కడ చుట్టుకుంటే సీలును కోసేస్తుంది.

డాలస్ బోటు:

ఇప్పుడే గరాజ్‌లో విప్పి చూశానండీ. నాలుగైదు చుట్లు ఉంది. కత్తెరతో తీశాను. సీలు దగ్గర నూనె జాడ లేదు, అయినా రేపు గేర్ ఆయిల్ కొంచెం తీసి, నీళ్ళు కలిసి తెల్లబడిందేమో చూసి చెబుతాను.