ఎన్‌ఐసీయూలో తల్లికి రోజుకు ఇరవై నిమిషాలేనా?

బాబు నాన్న:
మా బాబు 30 వారాలకే పుట్టాడు, 1,250 గ్రాములు. ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో ఉన్నాడు, ఇవాళ్టికి పన్నెండో రోజు. ఊపిరి కుదుటపడింది, సీప్యాప్ (ఊపిరికి సాయపడే గాలి యంత్రం) తీసేశారు, గొట్టంతో పాలు పడుతున్నారు. వాళ్లమ్మను పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి పంపుతారు. నేను అద్దంలోంచి చూడటమే. ఎందుకని అడిగితే ఇన్ఫెక్షన్ అంటారు. ఈ పద్ధతి న్యాయమేనా?

సీనియర్ నర్సు:
తమ్ముడూ, ఇది మీ మీద కక్షతో పెట్టిన నియమం కాదు. నెలలు నిండని బిడ్డ చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. నెత్తురులోకి ఇన్ఫెక్షన్ చేరితే, పొద్దున చక్కగా కాళ్లు ఆడించిన బిడ్డ సాయంత్రానికి చల్లబడిపోవచ్చు. అలాంటి రాత్రులు చూశాను. గాజులతో, ఉంగరాలతో, చేతిలో ఫోనుతో వచ్చేవారిని ఎంతమందినని ఆపగలం?

29 వారాల పాప అమ్మ:
సిస్టర్ గారూ, మీరు చూసిన రాత్రులను కాదనను. కానీ ఇన్ఫెక్షన్‌ను మోసుకొచ్చేది కడగని చెయ్యి. అది ఎవరిదైనా కావచ్చు. తల్లిని గడప అవతల నిలబెడితే ఆ ముప్పు పోదు.

మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి ఎదకు ఆనించి, రోజులో ఎక్కువ సేపు అలాగే ఉంచారు. మొదటి 28 రోజుల్లో వారిలో నూటికి 12 మంది చనిపోయారు. కుదుటపడ్డాకే ఎదకు చేర్చిన బిడ్డల్లో దాదాపు 16 మంది. మీరు భయపడే ఇన్ఫెక్షన్లు కూడా మొదటి గుంపులోనే తక్కువ. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను ముందే ఆపేశారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని చెప్పింది. ఎనిమిది గంటలెక్కడ, ఇరవై నిమిషాలెక్కడ!

మొదట్లో నాకు ఎంత పిండినా అయిదు మిల్లీలీటర్ల పాలు వచ్చేవి. పాపను ఎద మీద పడుకోబెట్టడం మొదలైన వారానికి సీసా నిండసాగింది.

సీనియర్ నర్సు:
లెక్కలు సరే. మా వార్డులో రెండు వార్మర్ల (బిడ్డలను వెచ్చగా ఉంచే పడకల) మధ్య కుర్చీ పట్టదు. కుట్లతో ఉన్న బాలింతను గంటలకొద్దీ ఎక్కడ కూర్చోబెట్టాలి? ఆమె భోజనం, మరుగుదొడ్డి ఎవరు చూస్తారు?

29 వారాల పాప అమ్మ:
ఇది అసలు సమస్య. జాగా లేకపోతే జాగా లేదనే చెప్పండి, ఇన్ఫెక్షన్ అనకండి. అప్పుడు మేమూ మీతో కలిసి మంచాలు అడుగుతాం. మన దేశంలో ఆ పరిశోధన జరిగింది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ప్రభుత్వ ఆసుపత్రిలోనే. అక్కడ తల్లుల మంచాలను లోపలే వేశారు.

బాబు నాన్న:
డాక్టరు గారితో మాట్లాడాను. రేపటి నుంచి గంట సేపు ఇస్తామన్నారు. మా ఆవిడ కుట్ల నొప్పితో అంతసేపు కూర్చోలేదు. నేను చేయవచ్చా?

29 వారాల పాప అమ్మ:
తప్పకుండా. నాన్న ఛాతీ వెచ్చదనమూ బిడ్డకు కావాలి. గోళ్లు తీసుకుని, స్నానం చేసి, ముందు గుండీలున్న చొక్కా వేసుకుని వెళ్లండి. ఉంగరం ఇంట్లో పెట్టండి. బాబుకు నెల నిండేలోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష ఎప్పుడు చేస్తారో కూడా అడగండి, అది ఆలస్యం కాకూడదు.